కోరుట్ల యెండకు బోలు గోడ

ఆర్మూరు నుండి మెట్‌పల్లి మీదుగా జగిత్యాలకు పోవు జాతీయ రహదారిపై కోరుట్లను సమీపించు ప్రయాణికునకు మొదట కనబడునవి రంగురంగుల రెండంతస్తుల మేడలు. వానిలో ననేకముల పునాదులు దుబాయిలోనో, మస్కటులోనో, సౌదీ యెడారులలోనో ఇంటి మగవాడు ఏండ్ల తరబడి చెమటోడ్చి పంపిన సొమ్ముతో పడినవి. నున్నని గిలాబు పూసిన గోడలతో, గట్టి స్లాబు కప్పుతో, ముచ్చటైన పిట్టగోడతో అవి ఊరివారి మన్ననకు పాత్రములై నిలిచియున్నవి. అయినను వేసవి ముదిరి పగటి యుష్ణోగ్రత 44, 45 డిగ్రీలను తాకు దినములలో, రాత్రి పదిగంటలవేళ ఆ మేడలలోని వారు చాపయు దిండును చంకనిడుకొని డాబాపైకి పోవుటయో, వాకిట నవారు మంచము వాల్చుకొనుటయో చూచినవారికి, ఇంత సొమ్ము పోసి కట్టిన యిల్లు సరిగా నిద్రపోవలసిన వేళకే యజమానిని బయటికి పంపివేయుట యేమి న్యాయమను ప్రశ్న పుట్టక మానదు.

ఇంటిని చల్లబరచుట వేరు. ఇంటిలోనికి వేడిని రానీయకుండుట వేరు. మొదటిదానికి మనము కూలరును, ఆపై ఏసీని ఆశ్రయించితిమి; నెలనెల కరెంటు బిల్లు కట్టుచున్నాము. రెండవది గోడకు, కప్పునకు సంబంధించిన పని. అది ఒక్కసారి చేసినచో ఏండ్ల తరబడి ఖర్చులేక పనిచేయును. చలిదేశములలో వెచ్చదనము బయటికి పోకుండుటకై గోడ నడుమ ఖాళీ వదలి, ఆ ఖాళీలో ఉష్ణనిరోధక పదార్థమును నింపు పద్ధతి యొకటి కలదు. అదే పద్ధతి మన యుత్తర తెలంగాణమున వేడి లోనికి రాకుండుటకు పనికివచ్చును. ఏలయన వేడి ఎటు ప్రవహించినను దానిని అడ్డగించు సూత్ర మొక్కటే. కాని మన సూర్యుడు వేరు, మన వాన వేరు, మన చెదపురుగు వేరు. కావున ఆ పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకొనక, మన యింటి కొలతకు కుదించుకొనుట యెట్లో విచారింపవలసి యున్నది.

సూర్యుని దారి

కోరుట్ల భూమధ్యరేఖకు ఉత్తరముగా ఇంచుమించు 18.8 డిగ్రీల దూరమున నున్నది. సూర్యుడు ఉత్తరముగా జరుగుచు మే నెల నడుమ ఈ యక్షాంశమునకు వచ్చును. నాటి మధ్యాహ్నము నేలలో నిలువుగా పాతిన కర్రకు నీడ కనబడదు. అటు తరువాత జులై చివరి భాగము వరకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఒకింత ఉత్తరముననే యుండును. దీని ఫలిత మేమనగా, రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మనము చెప్పుకొను ఆ దినములలో దక్షిణపు గోడకు ఎండ దాదాపు తాకనే తాకదు. అదే గోడ మార్గశిర పుష్యములలో, సూర్యుడు దక్షిణమునకు వాలినపుడు, చక్కని యెండను పొంది ఇంటికి వెచ్చదన మిచ్చును. దక్షిణపు గోడకు భయపడవలసిన పనిలేదు.

తక్కినవానిలో ముఖ్యమైనవి మూడు: కప్పు, పడమటి గోడ, తూర్పు గోడ. కప్పు ఉదయము నుండి సాయంకాలము వరకు ఎండను నిలువుగా నెత్తిన మోయును. తూర్పు గోడ ఉదయమున కాగును గాని, అప్పటికి రాత్రి చల్లదన మింకను గాలిలో మిగిలియుండును. పడమటి గోడపైన మధ్యాహ్నము రెండుగంటలకు మొదలైన యెండ, గాలియే నిప్పులవలె నున్న వేళ పడి, పొద్దు క్రుంకువరకు విడువదు. ఇంటివాడు ఖర్చుపెట్టదలచిన ప్రతి రూపాయయు ఈ వరుసనే పోవలెను: మొదట కప్పునకు, పిదప పడమటి గోడకు, ఆ పిదప తూర్పు గోడకు. ఈ వరుస తప్పి, కప్పును విడిచి గోడలకు ఎంత చేసినను ఫలము అంతంతమాత్రమే.

ఒక చిన్న లెక్క దీనిని స్పష్టపరచును. పండ్రెండడుగుల చదరపు గది కప్పు సుమారు 13.4 చదరపు మీటర్లు. ఏ పూతయు లేని సామాన్య స్లాబు, పైన క్రింద ఒక డిగ్రీ తేడా యున్నచో, చదరపు మీటరునకు దరిదాపు మూడున్నర వాట్ల వేడిని దాటనిచ్చును. ఎండకు కాగిన పైభాగమునకు, గదిలోని గాలికి ఇరువదియైదు డిగ్రీల తేడా యున్నదనుకొన్నచో, ఆ యొక్క గదిలోనికి కప్పునుండి దిగు వేడి ఇంచుమించు వేయి వాట్లను మించును. అనగా వేయి వాట్ల హీటరు నొకదానిని గది కప్పునకు వ్రేలాడగట్టి మే నెలలో వెలిగించుకొన్నట్లు. ఒక టన్ను ఏసీ లాగివేయగలిగిన వేడి మొత్తము 3,500 వాట్లు మాత్రమే. దానిలో మూడవ వంతునకు దగ్గరగా స్లాబు నొక్కదానితో పోరాడుటకే వ్యయమగుచున్నది. కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ 2018లో నివాసగృహములకై వెలువరించిన ఎకో నివాస్ సంహిత కప్పునకు విధించిన పరిమితి చదరపు మీటరునకు, ఒక డిగ్రీ తేడాకు 1.2 వాట్లు. ఆ హద్దులో నున్న కప్పునుండి అదే గదిలోనికి దిగునది నాలుగువందల వాట్లే.

పాత యింటి యుక్తి

మన తాతలు కట్టిన మట్టిగోడల పెంకుటిండ్లలో వేసవి పగలు కునుకు పట్టెడిదని వృద్ధులు చెప్పుమాట ఉత్త మమకారము కాదు. దానికి కారణము గోడలోనే కలదు. ఒకటిన్నర రెండడుగుల మందము గల మట్టిగోడ ఎండను అడ్డగించుట కంటె ఆలస్యము చేయుటలో నేర్పరి. మధ్యాహ్నము బయటి ముఖమున పడిన వేడి మట్టిని క్రమక్రమముగా వెచ్చజేయుచు లోపలి ముఖమును చేరుసరికి పండ్రెండు గంటలో, అంతకు మించియో గడచును. అప్పటికి తెల్లవారుజాము వచ్చి, తలుపులు తెరచియున్న యింటిలో ఆ వేడి చల్లగాలితో కలసి కొట్టుకొనిపోవును. కప్పున గూనపెంక, దాని క్రింద వాసములు, ఆ క్రింద దూలములపై చెక్కలు పరచి మట్టి మెత్తిన అటుక. పెంకకును అటుకకును నడుమ నున్న చోటు ధాన్యపు గుమ్ములకు, పాత సామానునకు తావైనట్లు కనబడినను, అది యింటి తలపై నిలిచిన గాలిపొర. కాగిన పెంక సందులనుండి ఆ వేడిగాలి పైకి పోవుచుండెడిది. ఈనాడు పాశ్చాత్యులు గోడలో వదలు ఖాళీని మనవారు కప్పులో వదలిరి.

కాని ఆ యిండ్లకు తిరిగి పొండని చెప్పుట ఈ వ్యాసకర్త యుద్దేశము కాదు. ఏటేట పెంక సర్దుట, తేళ్లకు వెరచుట, వానకు గోడ నానుట, చీకటిగదులు, వీని బాధ పడినవారే స్లాబు ఇండ్లను కోరుకొనిరి; ఆ కోరిక తప్పుకాదు. మార్పులో జారిపోయిన దొక్కటే: తొమ్మిదించీల ఇటుకగోడ వేడిని ఆరేడు గంటలు మాత్రమే ఆపగలదు, నాలుగున్నరించీల గోడయు, అయిదించీల స్లాబును మూడు నాలుగు గంటలకు మించి ఆపలేవు. రెండుగంటల యెండ స్లాబు క్రిందికి ఆరుగంటలకు దిగును. నాలుగుగంటల పడమటి యెండ లోగోడకు రాత్రి పదిగంటలకు వచ్చి చేరును. మనము పడుకొనవలసిన వేళయు, వేడి గది చేరువేళయు ఒక్కటైనవి. డాబాపైకి చాప మోసుకొనిపోవుటకు కారణమిదియే.

ఖాళీ చేయు పని

గొర్రెలకాపరి నడివేసవిలో గొంగడి కప్పుకొని మందవెంట నడచుట మనవారందరు ఎరిగినదే. ఉన్నిపోగుల నడుమ చిక్కుకొని కదలని గాలియే అతనికి చలిలో వెచ్చదనమును, ఎండలో కాపును ఇచ్చుచున్నది. గాలి వేడిని మిక్కిలి మందముగా దాటించు పదార్థము. ఇటుక దానికి ముప్పది రెట్లు వేగముగా దాటించును. కావున గోడను రెండు పొరలుగా కట్టి నడుమ రెండించీల గాలిని వదలినచో గొప్ప మేలు జరుగునని తోచును. జరుగును గాని, తోచినంత కాదు. ఆ ఖాళీలో గాలి ఊరకుండదు: వేడిపొర ప్రక్క గాలి పైకి లేచును, చల్లని పొర ప్రక్క క్రిందికి దిగును, ఇట్లు అది తిరుగుచు వేడిని ఆవలికి మోయును. అంతేకాక వేడిపొర తన ముఖము నుండి కిరణరూపమున ఎదుటి పొరకు వేడిని విసరుచుండును. ఈ రెండు దారులలో పోగా, రెండించీల కదలని గాలి యీయవలసిన కాపులో పదియవ వంతునకు కొంచెము తక్కువే ఖాళీ గోడకు దక్కును. ఖాళీని ఒకించీ కంటె వెడల్పు చేసినను పెద్దగా లాభము లేకపోవుటకు హేతువిదే.

ఖాళీని నింపుటలోని రహస్యము గాలి తిరుగుటను, కిరణములు దాటుటను ఒక్కసారిగా మాన్పుటయే. మనకు పరిచితమైన థర్మాకోల్ రెండించీల పలక, అదే మందముగల ఖాళీకంటె ఎనిమిది రెట్లు ఎక్కువగా వేడిని అడ్డగించును. ఇటుకతో అంత కాపు కావలెనన్నచో ఇంచుమించు నాలుగడుగుల మందము గోడ కట్టవలెను. రాతియూలు, గాజుయూలు అను పదార్థములును ఇట్టి గుణము కలవే. కాని ఈ శక్తియంతయు పొడితనముపై నాధారపడి యున్నది. నీరు వేడిని గాలికంటె ఇరువది రెట్లకు పైగా వేగముగా దాటించును. తడిసిన దూది వంటి పదార్థము గోడలో నున్నచో అది వేడిని అడ్డగించుట మాని దానికి దారిచూపును.

బ్రిటనులో రెండు ప్రపంచయుద్ధముల నడిమికాలము నుండి ఇండ్లకు బోలుగోడలు సామాన్యమైనవి. వారు మొదట ఖాళీ వదలినది వేడికొరకు కాదు, వానకొరకు: బయటి పొరను తడిపిన వాననీరు లోపలి పొరను చేరకుండుటకు. 1970వ దశకమున చమురు ధరలు మండిపోయినపుడు ఆ ఖాళీని నింపు పని ముమ్మరమైనది. అచ్చట స్థిరపడి పాత యిల్లు కొనుక్కొనిన మన తెలుగువారు మొదట నేర్చుకొను విషయములలో ఇదొకటి: గోడ మందము పదకొండించీలకు తగ్గక, ఇటుకలన్నియు పొడవుగానే కనబడుచు అడ్డపుటిటుకల ముఖములు కనబడనిచో అది బోలుగోడ యని యూహింపవచ్చును, నిశ్చయించుకొనుటకు ఇటుకల సందున చిన్న బెజ్జము తొలిచి, తీగ చివర దీపముగల గొట్టముతో లోనికి చూతురు. నింపని బోలుగోడ చదరపు మీటరునకు, ఒక డిగ్రీ తేడాకు దరిదాపు ఒకటిన్నర వాట్లను దాటనిచ్చును. నింపినపిదప అది అర వాటు ప్రాంతమునకు దిగును. అయినను జడివాన గాలితో కొట్టు తీరప్రాంతములలో నింపిన గోడలు తడిసి, లోగోడలకు నెమ్ము పట్టి, నింపినదానిని తిరిగి పెరికివేయవలసిన యిండ్లును కలవు. ఈ పనులకు ఇరువదియైదేండ్ల హామీనిచ్చు సంస్థయొకటి అచ్చట 1995లో ఏర్పడినదనగా, అది యెంత జాగ్రత్త కోరు పనియో తెలియగలదు.

మన దేశమున బోలుగోడను పేదవాని యింటికి తెచ్చినవారిలో ప్రముఖుడు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులో జన్మించి, 1945లో భారతదేశమునకు వచ్చి, తిరువనంతపురమున స్థిరపడి, 2007లో అచ్చటనే కన్నుమూసిన ఈ వాస్తుశిల్పి, ర్యాట్ ట్రాప్ బాండ్ అను ఇటుకకట్టును తన యిండ్లలో విరివిగా వాడెను. దానిలో ఇటుకను పడుకోబెట్టక పక్కకు నిలిపి కట్టుదురు. మూడించీల మందముగల ఇటుక బయట నొకటి, లోన నొకటి నిలువగా, నడుమ మూడించీల ఖాళీ మిగులును. వానిని కలుపుటకు మధ్య మధ్య ఒక ఇటుక అడ్డముగా నిలుచును. గోడ మొత్తము మందము తొమ్మిదించీలే. ఇటుకలు మాత్రము దాదాపు నాలుగవవంతు తక్కువ పట్టును, సిమెంటు ఇసుకలును ఆ మేరకు తగ్గును.

ఈ మాట విన్న యింటివాడు సుతారిని వెంటనే అడుగు ప్రశ్న తెలిసినదే: "గోడ బోలుగ ఉంటె బలముంటదా అన్నా?" రెండంతస్తుల వరకు ఇంటి బరువును మోయుటకు ఈ గోడ చాలునని బేకర్ కట్టిన యిండ్లే సాక్ష్యము, కోరుట్లలోవలె స్తంభములు, దూలములు సలాకతో పోసి నడుమ గోడ నింపు ఇండ్లలో నైతే బరువు మోయు ప్రసక్తియే లేదు. కాని మెలకువ లున్నవి. మొదటి వరుస, చివరి వరుస, దర్వాజ కిటికీల ప్రక్కలు, సజ్జ క్రింద వరుస గట్టిగా కట్టవలెను. బీరువా పలకలు, నీటిగొట్టములు బిగించు తావులను ముందే గుర్తించి అచ్చట ఖాళీ లేకుండ చేయవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది సున్నితమైన చేతిపని: తాపితో మాలు వేయునపుడు ముద్దలు ఖాళీలోనికి జారిపడును. వానిని అట్లే వదలినచో అవి గట్టిపడి బయటి పొరకు లోపలి పొరకు వంతెనలై, వానకు తడిని, ఎండకు వేడిని చక్కగా దాటించును. ఖాళీ వెడల్పునకు సరిపడు చెక్కబద్ద నొకదానిని ఖాళీపై అడ్డముగ నుంచి, మాలు దానిపై పడునట్లు చేసి, వరుస పూర్తికాగానే పైకెత్తి దులిపివేసినచో ఈ దోషము తప్పును. ఆ బద్దను ప్రతి వరుసకు ఎత్తి పెట్టు ఓపిక యున్న సుతారి కట్టిన గోడయే నిజమైన బోలుగోడ.

గోడను పరీక్షించుట

ఇదివరకే కట్టియున్న యింటి గోడ యెట్టిదో తెలిసికొనుట కష్టముకాదు. కిటికీ యొద్ద గోడ మందమును కొలిచి, రెండువైపుల గిలాబునకై ఒకటిన్నర ఇంచీ తీసివేసినచో, మిగిలినది నాలుగున్నర యగునో తొమ్మిది యగునో తేలును. అంతకు మించియున్నచో రెండు పొరలుండ వచ్చును. నాలుగున్నరించీల గోడ పడమటి దిక్కున నున్నచో అదే మొదటి దోషి. తొమ్మిదించీల గోడ గట్టిదో, ర్యాట్ ట్రాప్ బాండో తెలియకున్నచో, లోపలివైపున, కరెంటు తీగలు పోని చోట, ఇటుకల సందున సన్నని బెజ్జము తొలిచి చూడవలెను. బర్మా మూడించీలు పోగానే చివాలున లోనికి దూరినచో ఖాళీ కలదు. కడవరకు ఎర్రపొడి రాలుచునే యున్నచో గోడ గట్టిది. ఖాళీ కనబడినచో, చివర వంచిన తీగను చొప్పించి ఆవలి పొరను తాకించి వెడల్పు కొలవవచ్చును. తీగకు తడి మట్టియో, గట్టిపడిన మాలో తగిలినచో అదియు తెలియును. పని ముగియగానే బెజ్జమును మాలుతో పూడ్చవలెను.

వేడిని కొలుచుటకు ఉపరితలముల యుష్ణోగ్రతను దూరమునుండి చూపు గన్ను థర్మామీటరు మంచి సాధనము. కరోనా కాలమున నుదుటికి చూపినట్టిది పనికిరాదు, అది శరీరపు వేడి హద్దులలోనే పనిచేయును. యంత్రములకు వాడునట్టిది కావలెను. వేసవిలో ఎండ కాయు దినమున, ఉదయమారు గంటలకు, మధ్యాహ్నము మూడుగంటలకు, రాత్రి పదిగంటలకు గదిలోని కప్పు, నాలుగు గోడలు, నేల వరుసగా కొలిచి కాగితముపై వ్రాసికొన్నచో, ఇంటి రోగమంతయు ఆ కాగితముపై కనబడును. ఉత్తరపు గోడకంటె పడమటి గోడ రాత్రి ఎంత వేడిగ నున్నదో, అన్నిటికంటె కప్పు ఎంత వేడిగ నున్నదో, ఆ తేడాయే మనము ఖర్చు పెట్టవలసిన చోటును చూపును. పరికరము లేనివారికి తమ శరీరమే చాలును: రాత్రి భోజనానంతరము పడమటి గోడకు వీపు ఆనించి కూర్చుండజాలకున్నచో ఆ గోడకు చికిత్స అవసరమని నిర్ణయింపవచ్చును.

పరీక్షలో తడిని మరువరాదు. పడమటి, నైరుతి గోడలపైన జూన్ మొదలు సెప్టెంబరు వరకు వాన గాలితో కొట్టును. బయటి గిలాబు పగుళ్లు, సజ్జ క్రింద నల్లమరకలు, లోగోడ అడుగున ఉప్పు పూత, పిట్టగోడ మొదట నెమ్ము, వీనిలో ఏ యొక్కటి యున్నను ముందు దానిని బాగుచేసి, ఒక వానకాలము గడిపి, గోడ ఆరినదని తేల్చుకొనిన తరువాతనే నింపుట గురించి ఆలోచింపవలెను.

బాగుచేయు క్రమము

కప్పు విషయమున మొదటి మెట్టు మిక్కిలి చౌక: స్లాబు పైభాగమును తెల్లగా చేయుట. బూడిదరంగు సిమెంటు తనపై పడిన యెండలో అధికభాగమును మ్రింగును. కొత్తగా వేసిన సున్నము అధికభాగమును ఆకాశమునకే త్రిప్పి పంపును. జిగురు కలిపిన సున్నమును మార్చిలోగా రెండుపూతలు వేసినచో ఆ వేసవికి నిలుచును. వానకు కొట్టుకొనిపోవును గనుక మరల వేయవలెను. మన్నిక కోరువారు ఇందుకై తయారు చేసిన తెల్లని రంగునో, తెల్లని పింగాణీ పెంకు ముక్కల పరుపునో వేసికొనవచ్చును. హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో 2017లో కొన్ని పేదల యిండ్ల కప్పులపై తెల్లని పొర పరచి చూచినపుడు ఇంటి లోపలి గాలి సగటున రెండు డిగ్రీలు తగ్గినట్లు తేలినది. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, అయిదేండ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఇట్లు మార్చవలెనని లక్ష్యముంచినది. ఆరువందల గజములును అంతకు పైబడిన స్థలములలో కట్టు ఇండ్లకు దీనిని తప్పనిసరి చేసి, చిన్న యిండ్లకు ఇష్టమునకు వదలినది. కోరుట్లలో పెక్కు ఇండ్లు ఆ చిన్నవానిలోనివే గనుక ఇచ్చట చట్టముకంటె బుద్ధియే ప్రేరకము కావలెను.

రెండవ మెట్టు, కప్పుపైన నీరుపట్టని గట్టి నురుగుపలకలను పరచి, నీటికాపు పొర వేసి, పైన పెంకులు పరచుట. కొందరు గది లోపల ఫాల్స్ సీలింగు వేసి తృప్తిపడుదురు. దానివలన కొంత మేలున్నను స్లాబు మాత్రము కాగుచునే యుండును. పలకలు పైన నున్నచో స్లాబే చల్లగ నుండి, రాత్రి గదికి వేడి నీయుట మానును. ఏ ఖర్చును భరింపలేనివారు కర్రలు పాతి పచ్చని వల కట్టుటయో, కుండీలలో బీర, ఆనిగెపు తీగలను పెంచి పందిరి వేయుటయో చేయవచ్చును. పందిరికిని స్లాబునకును నడుమ గాలి ఆడుచున్నంతకాలము అదియు చక్కని కాపే. సిరిసిల్లలో మరమగ్గములు నడచు రేకుల షెడ్లకు ఈ కప్పు చికిత్స ఇంకను అవసరము. ఏలయన రేకునకు ఆలస్యము చేయు మందమును లేదు, అడ్డగించు ఖాళీయును లేదు. ఎండ పడిన క్షణముననే వేడి మగ్గముపై వంగిన మనిషి వీపును తాకును.

గోడకు వత్తము. పడమటి గోడ బోలుగోడయై, తడిలేక, ముద్దలు పడక ఉన్నచో దానిని నింపవచ్చును. కాని మన ప్రాంతమున నింపుటకు ముందు మూడు శత్రువులను తలచుకొనవలెను. ఒకటి చెద: అది నురుగుపలకలో సైతము సొరంగములు త్రవ్వును, గోడ అడుగున మొదటి అడుగు నింపక గట్టిగా నుంచుటయు, పునాదికి చెదమందు కొట్టించుటయు తప్పదు. రెండవది నిప్పు: థర్మాకోల్ మండును, కావున అది ఎక్కడను బయటికి కనబడక గిలాబు వెనుక దాగి యుండవలెను. మూడవది కరెంటు తీగ: థర్మాకోల్‌కు తాకుచున్న ప్లాస్టికు తీగ తన మెత్తదనమును కోల్పోయి కాలక్రమమున పెళుసై పగులును, తీగలు గొట్టములోనే పోవలెను. మరి యీ ప్రాంతమున వరిమిల్లుల వద్ద ఊక చౌకగా దొరకును గదా, దానినే నింపిన నేమి యని యడుగువారు కలరు. పొడిగ నున్నంతకాలము ఊక మంచి నిరోధకమే. కాని ఒక్క వానకు తడిసినచో క్రుళ్లును, దిగిపోయి పైన ఖాళీ మిగుల్చును, ఎలుకలను పిలుచును. ర్యాట్ ట్రాప్ బాండులోనైతే ఖాళీ చిన్నచిన్న గదులుగా చీలియుండుటచేత, తరువాత నింపుట సాధ్యపడని పని. దానిని ఖాళీగానే వదలి, బయట గిలాబు పగుళ్లను పూడ్చి, వెల్ల వేయుట మేలు.

గోడ గట్టిదైనచో రెండు మార్గములున్నవి. ఒకటి, పడమటి గోడ బయటివైపున రెండించీల పలకలను అంటించి, గాజునూలు వలను బిగించి, పైన సన్నని గిలాబు పూయుట. రెండవది, స్థలమున్నవారు రెండించీల ఖాళీ వదలి నాలుగున్నరించీల కొత్తగోడను పునాది వేసి కట్టుట. రెండు గోడలను తుప్పు పట్టని కమ్మీలతో అడ్డముగా మూడడుగులకు, నిలువుగా అడుగున్నరకు ఒకటిగా కలుపవలెను, అడుగున నీరు కారిపోవుటకు సన్నని రంధ్రములు వదలవలెను. కొత్తగ కట్టువారికి బూడిదతో చేసిన తేలిక దిమ్మెలు దొరకుచున్నవి. అవి ఇటుకకంటె నాలుగు రెట్లు తక్కువగా వేడిని దాటించును. అన్నిటికంటె చౌకయైనది సజ్జను పొడిగించుట, వేపచెట్టును పడమటి వాకిట పెంచుట. గోడపై పడని యెండకు మందు అక్కరలేదు.

ఒక హెచ్చరిక తప్పదు. కాపుగల యిల్లు లోపలి వేడిని సైతము బయటికి పోనీయదు. పొయ్యి, ఫ్రిజ్జు, మనుష్యుల శరీరములు పుట్టించు వేడి అచ్చటనే నిలుచును. కావున ఉదయము ఎనిమిది తొమ్మిదింటికి కిటికీలు మూసి పరదాలు దించుటయు, రాత్రి గాలి చల్లబడగానే అన్నియు తెరచుటయు ఇంటివారి నిత్యకృత్యము కావలెను. కూలరు వాడువారు గాలి బయటికి పోవుటకు ఎదుటి కిటికీ తెరచి యుంచవలెను. ఏసీ వాడువారు సందులన్నియు మూయవలెను. ఒకే గదిలో రెంటిని వంతులవారీగ నడపువారు ఈ తేడా తెలిసికొననిచో రెంటిని నష్టపోదురు.

గల్ఫు నేర్పిన పని

దుబాయిలో పురపాలక సంఘము 2003 నుండి కట్టడములకు ఉష్ణనిరోధమును నియమముగా విధించినది. నడుమ థర్మాకోల్ పొరను ఇమిడ్చిన సిమెంటు దిమ్మెలు అచ్చట గోడలకు సామాన్యముగ వాడబడుచున్నవి. ఆ గోడలను ఎవరు లేపిరి? కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల నుండి వెళ్లిన సుతారులును, కూలీలును వారిలో లేకపోలేదు. ఎండలో పరంజాపై నిలిచి, ఆ దిమ్మెలను చేతులతో ఎత్తి, వరుసలు కుదిర్చి, పరాయి యింటికి చల్లదనము సమకూర్చినవారు ఊరికి వచ్చి తమ సొంత యింటికి పడమటి దిక్కున నాలుగున్నరించీల గోడ కట్టించుకొని, పైన ఏ పూతయు లేని స్లాబు పోయించుకొనుచున్నారు. వారికి తెలియక కాదు; ఊరిలో ఎవరును అడుగరు, చేసి చూపినవారు లేరు, ముందరి గ్రానైటునకు పెట్టిన ఖర్చు నలుగురికి కనబడును గాని గోడలోపల పెట్టిన ఖర్చు కనబడదు.

ఈ కనబడని ఖర్చును గౌరవింపదగినదిగా చేయుటయే ఇప్పుడు కావలసిన పని. కొత్తగ ఇల్లు కట్టదలచినవారు నక్షా గీయించునపుడే పడమటి గోడ ఏమిటితో, కప్పుపై ఏ పొర యని అడుగవలెను. గల్ఫునుండి వచ్చిన సుతారిని ఆ దేశపు గోడ ఎట్లు కట్టితివని అడిగి, తన యింట నొక్క గోడనైనను అట్లు కట్టించుకొనవలెను. పాతయిల్లు ఉన్నవారు ఈ వేసవి రాకముందే కప్పుపై సున్నము వేయించి, పడమటి గోడను పరీక్షించి, తడియున్నచో బాగుచేసి, స్థోమతునుబట్టి పలకయో, సజ్జయో, చెట్టో ఎంచుకొనవలెను. ఇందులో ఏ యొక్కటియు గొప్పవారికే పరిమితమైనది కాదు, పెద్ద యంత్రములను కోరునది కాదు. ఒక్కటే నియమము: వేడిని గదిలోనికి రానిచ్చి తరిమికొట్టుటకంటె, కప్పువద్దను గోడవద్దను నిలిపివేయుట చౌక. ఏసీ కొనుటకు అప్పు చేయు ప్రతి యింటివాడును ముందుగా ఆ సొమ్ములో నాలుగవవంతు తన కప్పునకు పెట్టిచూచినచో, చాలమంది ఏసీ అవసరమే లేదని తేల్చుకొందురు. అవసరమున్నవారు సైతము చిన్న యంత్రముతో, చిన్న బిల్లుతో తృప్తిపడగలరు.